రిపోర్టు నార్మల్ అంటే నొప్పి లేదని కాదు!

మూత్రపు సంచి నొప్పితో నలిగిపోతున్నవాళ్ళకూ, వాళ్ళ ఇంటివాళ్ళకూ, వాళ్ళ చేత పని చేయించుకునే యజమానులకూ మా విన్నపం



పొత్తికడుపులో నెలల తరబడి నొప్పి. మూత్రపు సంచి నిండేకొద్దీ నొప్పి పెరుగుతుంది. వెళ్ళొస్తే కాస్త నెమ్మదిస్తుంది. అరగంట తిరక్కుండానే మళ్ళీ మొదలు. పగలు పదిహేనుసార్లు, ఇరవైసార్లు వెళ్ళాలి. రాత్రి నాలుగైదుసార్లు లేవాలి. యూరిన్ టెస్టు చేయిస్తే "ఏమీ లేదమ్మా, అంతా నార్మల్" అంటారు. ఇలా బాధపడేవాళ్ళు మీ ఇంట్లోనో, మీ వాడలోనో, మీ పనిచోటో ఉండే ఉంటారు. సిగ్గుపడో భయపడో చాలామంది నోరు విప్పరు. ఈ కరపత్రం వాళ్ళ కోసం, వాళ్ళతో కలిసి బతికే మనందరి కోసం.

ఈ జబ్బు పేరు ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్. బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అని కూడా అంటారు. పేరు నోరు తిరగకపోతే ఈ కాగితం మడిచి పర్సులో పెట్టుకోండి, డాక్టరుకు చూపించి "నాకు ఇది కావచ్చా?" అని అడగండి. ఇది అంటుకునే జబ్బు కాదు. ఎవరి నడవడి వల్లో వచ్చేదీ కాదు. కానీ మనిషిని నిద్రకూ, పనికీ, కాపురానికీ దూరం చేస్తుంది. పూర్తిగా పోగొట్టే మందు ఇంకా రాలేదు. అదుపులో పెట్టుకుని బతికే దారులు మాత్రం ఉన్నాయి. ఆ దారులు తెలియక ఆడవాళ్ళ బతుకులో ఏళ్ళకేళ్ళు పోతున్నాయి. మా బాధంతా అదే.

మన దగ్గర ఈ కథ ఎలా నడుస్తుందో చూడండి. మొదట ఇంట్లో "వేడి చేసిందిలే" అంటారు. బార్లీ కాస్తారు, సబ్జా గింజలు నానబెడతారు, నిమ్మకాయ పిండి గ్లాసుడు నీళ్ళు ఇస్తారు. బార్లీతో నష్టం లేదు. నిమ్మకాయ నీళ్ళు మాత్రం ఈ జబ్బున్న చాలామందికి మంట పెంచుతాయి. ప్రేమతో ఇచ్చిన ఆ గ్లాసే ఆ రాత్రంతా నిద్ర లేకుండా చేస్తుంది.

తర్వాత మెడికల్ షాపు. "యూరిన్ ఇన్‌ఫెక్షన్" అనగానే ఐదు రోజుల యాంటీబయాటిక్ చేతిలో పెడతారు. ఒక్కోసారి తగ్గినట్టే ఉంటుంది, ఎందుకంటే ఈ నొప్పికి దానంతటదే పెరిగి తగ్గే గుణం ఉంది. తగ్గితే మందు మంచిదంటాం, మళ్ళీ పెరిగితే ఇంకా పవరున్న మందు కావాలంటాం. అలా కోర్సు మీద కోర్సు మింగుతూనే ఉంటాం. సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్ ఉన్న తరగతి మందుల వల్ల నరాలకూ, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులకూ దెబ్బ తగలవచ్చని, మామూలు మూత్ర ఇన్‌ఫెక్షన్‌కు వేరే మందు ఉంటే వీటి జోలికి పోవద్దని 2016లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. చీటీ లేకుండా వీటిని అమ్మకూడదని మన చట్టమూ చెబుతోంది. అయినా చాక్లెట్లు కొన్నంత సులువుగా కొంటున్నాం.

ఆ తర్వాత స్కానింగ్. అదీ నార్మలే. ఇక "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని పంపించేస్తారు. లేదంటే "పిల్లలు పుట్టారుగా, గర్భసంచి తీయించెయ్యండి" అనే సలహా వస్తుంది. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలే చూపిస్తున్నాయి. మూత్రపు సంచి నొప్పికి గర్భసంచి తీయించుకుంటే నొప్పి అలాగే ఉంటుంది, అవయవం మాత్రం పోతుంది. అమ్మా, ఇంకో డాక్టరుకు చూపించకుండా ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టకండి.

నొప్పి అన్నా నమ్మని లోకం మన ఒక్క చోటే లేదు. ఈ జబ్బుకు ఈ పేరు 1887లోనే అమెరికా వైద్యుడు అలెగ్జాండర్ స్కీన్ రాతల్లో ఉంది. 1915లో గై హన్నర్ అనే మరో వైద్యుడు కొందరు ఆడవాళ్ళ మూత్రపు సంచి లోపల పుండ్లు చూసి రాశాడు. వాటిని ఇప్పటికీ హన్నర్ పుండ్లనే అంటారు. కానీ ఎక్కువమందిలో పుండు కనబడదు. కంటికి కనబడనందుకు దశాబ్దాల పాటు ఆ నొప్పిని ఆడవాళ్ళ మనసుకు అంటగట్టారు. విక్కీ రాట్నర్ అనే ఆమె డాక్టరు చదువు చదువుతూ కూడా ఇదే మాట పడింది. ఊరుకోలేదు. 1984లో అమెరికాలో ఈ రోగుల కోసం సంఘం పెట్టింది. మూడేళ్ళకల్లా, 1987లో, అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు ఈ జబ్బు మీద నిపుణులను కూర్చోబెట్టి చర్చించాయి. 2011లో వెలువడిన పెద్ద సర్వేలో అక్కడి వయోజన స్త్రీలలో 2.7 శాతం నుంచి 6.5 శాతం దాకా ఈ లక్షణాలు ఉన్నట్టు తేలింది. "అరుదైన జబ్బు" అన్న మాట అక్కడితో చెల్లిపోయింది. బాధపడేవాళ్ళు గొంతు కలిపి అడిగారు కాబట్టే అంత దూరం వచ్చింది.

లోపల ఏం జరుగుతుందంటే, మూత్రపు సంచి లోపలి గోడకు కాపుగా జిగురు లాంటి పలుచని పొర ఉంటుంది. కొందరిలో ఆ పొర దెబ్బతిని మూత్రంలోని లవణాలు గోడలోకి ఇంకి నరాలను రేపుతాయని వైద్యుల వివరణ. కొందరిలో అలర్జీ కలిగించే కణాలు అక్కడ ఎక్కువగా చేరతాయి. నొప్పి పాతబడేకొద్దీ నరాలు చిన్న కదలికకే కేకపెట్టడం అలవాటు చేసుకుంటాయి. కటి అడుగున ఉండే కండరాలు నొప్పికి బిగుసుకుపోతాయి, ఆ బిగువే మరో నొప్పిగా తయారవుతుంది. ఒకరికి ఒక కారణం ముఖ్యం, ఇంకొకరికి ఇంకొకటి. అందుకే పక్కింటావిడకు పనిచేసిన మందు మీకు పనిచేయకపోవచ్చు. దానికి దిగులుపడకండి.

ఇక చేయాల్సిన పని. ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్ష లేకుండా యాంటీబయాటిక్ వద్దు. చలిజ్వరం ఉంటేనో, గర్భంతో ఉంటేనో డాక్టరు ఆగకుండా మందు మొదలుపెట్టవచ్చు, అది వేరే సంగతి. అప్పుడు కూడా మొదటి మాత్ర వేసుకునే ముందే శాంపిల్ ఇవ్వండి. శుభ్రం చేసుకుని, మొదట వచ్చే మూత్రం వదిలేసి, మధ్యలో వచ్చేది ల్యాబు వాళ్ళిచ్చిన స్టెరైల్ డబ్బాలో పట్టి, ఆలస్యం చేయకుండా అందించాలి. రిపోర్టుకు రెండు రోజుల వరకు పడుతుంది. ప్రతి రిపోర్టూ దాచుకోండి. కల్చర్‌లో ఏమీ పెరగలేదు, అయినా నొప్పి 6 వారాలు దాటింది, వేరే కారణమూ దొరకలేదు అంటే అప్పుడు ఈ జబ్బును అనుమానించాలి.

వేరే కారణాల విషయంలో అజాగ్రత్త పనికిరాదు. మన దేశంలో టీబీ మూత్రపు సంచికీ పాకుతుంది. మూత్రంలో చీముకణాలు కనబడుతున్నాయి, మామూలు కల్చర్‌లో మాత్రం ఏ క్రిమీ పెరగడం లేదు అంటే టీబీ పరీక్ష అడిగి చేయించుకోవాలి. సర్కారు ఆస్పత్రుల్లో టీబీ పరీక్షా మందులూ ఉచితం. మూత్రంలో రక్తం కనబడితే, ముఖ్యంగా పొగాకు అలవాటున్నవాళ్ళు, వారం కూడా ఆగకండి, యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. అది క్యాన్సర్‌కు సూచన కావచ్చు. షుగరు, రాళ్ళు, గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ ఉన్నాయేమో కూడా చూపించుకోవాలి. ఇవేవీ లేవని తేల్చుకున్నాకే ఈ పేరు పెట్టాలి.

డాక్టరు ముందు కూర్చోగానే చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోతాం. అందుకే మూడు రోజులు లెక్క రాయండి. కొలతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి బాత్రూములో పెట్టుకోండి. రాత ఇలా ఉంటే చాలు: "ఉదయం 5.40, 110 మి.లీ., నొప్పి పదికి ఆరు. 6.15 కాఫీ. 6.50, 60 మి.లీ., నొప్పి ఎనిమిది. 7.20, 40 మి.లీ., ఎనిమిది. 8.30 ఇడ్లీ, అల్లం పచ్చడి. 9.00, 70 మి.లీ., ఏడు." ఆరోగ్యంగా ఉన్న సంచి 400 మి.లీ. దాకా పడుతుంది. దానికి ఎదురుగా ఈ నలభైలూ అరవైలూ పెడితే "టెన్షన్ తగ్గించుకోమ్మా" అనడానికి ఎవరికీ నోరు రాదు. రాసిన మీకు కూడా ఒక సంగతి బయటపడుతుంది, కాఫీ తాగాక నొప్పి ఎక్కడికి ఎగబాకిందో.

ఆ మాట మన పళ్ళెం దగ్గరికి తీసుకొస్తుంది. మన తెలుగు భోజనానికి ప్రాణం పులుపూ కారమే. చింతపండు పులుసు, చారు, గోంగూర, టమాటా పప్పు, ఆవకాయ, పచ్చిమిర్చి పచ్చడి, పులిసిన పెరుగు. పైగా రోజుకు నాలుగు టీలు. ఈ జబ్బున్నవాళ్ళలో ఎక్కువమందికి పడనివి దాదాపు ఇవే. నిమ్మ, బత్తాయి, కమలా, పైనాపిల్, కాఫీ, గ్యాసున్న కూల్‌డ్రింకులు, మద్యం, పంచదారకు బదులు వేసుకునే తీపి బిళ్ళలు, విటమిన్ సి మాత్రలు కూడా ఆ జాబితాలోవే. అలాగని జీవితాంతం చప్పిడి కూడు తినమని ఎవరూ చెప్పడం లేదు. అందరికీ అన్నీ పడకుండా పోవు. రెండు మూడు వారాలు ఇవన్నీ ఆపి చూడండి. పెసరకట్టు, బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, కోడిగుడ్డు, పాలు, పుచ్చకాయ లాంటి వాటితో గడపండి. తగ్గుతున్నట్టు అనిపిస్తే ఒక్కొక్కటీ మూడు నాలుగు రోజులకొకటి చొప్పున తిరిగి కలుపుకోండి. ఏది తిరగబెట్టిందో దాన్ని మాత్రమే వదిలేయండి. మూడు వారాల తర్వాత కూడా ఏ తేడా లేకపోతే తిండి మీద నెపం వేయకండి, మామూలుగా తినండి. ఒంట్లో శక్తి లేకుండా చేసుకుంటే నొప్పి ఇంకా లోకువ కడుతుంది.

అత్తగార్లకూ, వంట చేసే అందరికీ ఒక మాట. ఆమె కోసం వేరే పొయ్యి అక్కర్లేదు. పప్పు ఉడికి తాలింపు పడ్డాక ఆమె వాటా ఒక గిన్నెలోకి తీసేసి, మిగతా దానిలో చింతపండు, కారం కలపండి. రెండు నిమిషాల పని. "ఈవిడకు అన్నీ వేషాలు" అన్న మాట ఆ రెండు నిమిషాల కంటే ఎక్కువ బాధపెడుతుంది.

నీళ్ళు తాగడం మానేయకండి. బయటికి వెళ్ళాలి కదా అని పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్ళు ముట్టనివాళ్ళు ఎంతమందో. మూత్రం చిక్కబడితే మంట ఎక్కువవుతుంది. కొంచెం కొంచెంగా రోజంతా తాగండి, నిద్రకు ముందు తగ్గించండి. మలబద్ధకం లేకుండా చూసుకోండి. నొప్పి లేచినప్పుడు పొత్తికడుపు మీద వేడినీళ్ళ బ్యాగు కొందరికి హాయినిస్తుంది, కొందరికి చల్లని గుడ్డ పనిచేస్తుంది.

వ్యాయామం దగ్గర పెద్ద పొరపాటు జరుగుతోంది. ఫోనులో వీడియోలు చూసి కెగెల్ వ్యాయామాలు చేస్తున్నారు. అవి కండరాలను బిగించేవి. ఈ జబ్బులో ఆ కండరాలు అప్పటికే బిగుసుకుని ఉంటాయి. కాబట్టి కెగెల్ వద్దని అమెరికా యూరాలజీ సంఘం మార్గదర్శకాలే చెబుతున్నాయి. కావాల్సింది ఆ కండరాలను వదులు చేసే ఫిజియోథెరపీ. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో ఇలాంటి ప్రత్యేక ఫిజియోథెరపీ చేయించుకున్న ఆడవాళ్ళలో 59 శాతం మందికి గుణం కనబడింది. మామూలు మసాజు చేయించుకున్నవాళ్ళలో 26 శాతం మందికే. ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టులు పెద్ద నగరాల్లో కొద్దిమంది ఉన్నారు, జిల్లాల్లో దొరకడం కష్టం. ప్రతి జిల్లా ఆస్పత్రిలో కనీసం ఒకరికి ఈ శిక్షణ ఇప్పించాలని మనం అడగాలి. అంతవరకూ కడుపు నిండా నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ కింది కండరాలను వదిలేయడం, బాలాసనం లాంటివి నొప్పి పెరగనంతవరకు ఇంట్లో చేసుకోవచ్చు.

మందుల్లో అమిట్రిప్టిలిన్ ఎక్కువగా రాస్తారు. మెడికల్ షాపులో ఎవరో "ఇది డిప్రెషన్ మాత్ర" అనగానే చాలామంది మానేస్తున్నారు. అది నిజంగా డిప్రెషన్‌కు వచ్చిన మందే. ఇక్కడ మాత్రం నరాల నొప్పి తగ్గడానికి చాలా తక్కువ మోతాదులో, రాత్రిపూట ఇస్తారు. మిమ్మల్ని పిచ్చివాళ్ళుగా లెక్కగట్టి ఇచ్చింది కాదు. మత్తు, నోరు ఎండడం ఉంటే డాక్టరుకు చెప్పండి, చెప్పకుండా మానకండి. పెంటోసాన్ అనే మరో మందు ఏళ్ళ తరబడి వాడినవారిలో కొందరికి కంటి రెటీనా దెబ్బతిన్నట్టు 2018 నుంచి తెలిసింది. అది వాడేవాళ్ళు మొదట్లోనూ, తర్వాత అప్పుడప్పుడూ కంటి పరీక్ష చేయించుకోవాలి. సంచిలోకి సన్నని గొట్టంతో మందు ఎక్కించడం, పుండు ఉంటే దాన్ని కాల్చడం లాంటి వైద్యాలు యూరాలజిస్టు చేస్తారు. సంచినే తీసేసే ఆపరేషన్ అన్నిటికన్నా ఆఖరిది. ఎవరైనా మొదట్లోనే ఆ మాట ఎత్తితే లేచి వచ్చేయండి.

భర్తలారా! ఈ జబ్బులో కలయిక నొప్పిగా ఉంటుంది, మర్నాడంతా ఆ నొప్పి సాగుతుంది. ఆమె వద్దంటే మీ మీద ఇష్టం లేక కాదు. నెలసరికి ముందు రోజుల్లో నొప్పి ఎక్కువయ్యేవాళ్ళు చాలామంది. అడిగి తెలుసుకోండి, ఆస్పత్రికి తోడు వెళ్ళండి. తోడుగా మగవాడు వస్తే డాక్టరు ఇంకో ఐదు నిమిషాలు వింటాడన్నది ఈ లోకంలో ఉన్న అన్యాయం. ఆ అన్యాయాన్ని ఈసారికి ఆమె మేలుకు వాడండి. ఈ జబ్బు మగవాళ్ళకూ వస్తుంది. ప్రోస్టేట్ వాపు అని ఏళ్ళ తరబడి మందులు వాడి తగ్గనివాళ్ళు కూడా "నాకు ఇది కావచ్చా?" అని డాక్టరును అడగండి.

ఇక యజమానులకు. చీరల షాపులో పనిచేసే అమ్మాయిని చూడండి. ఉదయం పదింటికి నిలబడితే రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉంటుంది. టాయిలెట్ మూడో అంతస్తులో, తాళం సూపర్‌వైజరు జేబులో. రెండోసారి అడిగితే చూపు మారుతుంది, మూడోసారికి "ఇంట్లోనే ఉండిపో" అంటారు. పండగ సీజనులో అడగడానికే భయం. ఆపుకోవడం వల్లే ఈ జబ్బు వస్తుందని తేలలేదు. కానీ జబ్బున్న మనిషిని గంటల కొద్దీ ఆపుకోమనడం ఆమెను హింసించడమే. కార్మికులకు మరుగుదొడ్లు ఉండాలని, నిలబడి చేసే పనిలో కూర్చునే వీలు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. షాపుల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు కోసం కేరళ ఆడవాళ్ళు పోరాడి 2018లో సాధించారు, 2021లో తమిళనాడు చట్టం చేసింది. తగిన మరుగుదొడ్డి అందుబాటులో ఉండడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 జనవరి 15న సుప్రీంకోర్టు కోర్టు భవనాల కేసులో చెప్పింది. కోర్టుకు వచ్చేవాళ్ళకు ఉన్న హక్కు షాపులో నిలబడేవాళ్ళకు ఎందుకుండదు? అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రం 2005లోనే, ఉన్నపళంగా టాయిలెట్‌కు వెళ్ళాల్సిన జబ్బులున్నవాళ్ళకు షాపులు తమ సిబ్బంది టాయిలెట్ తెరవాలని చట్టం చేసింది. ఒక అమ్మాయికి ఎదురైన అవమానం నుంచి పుట్టిన చట్టం అది.

మేం అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. పనిచోట టాయిలెట్‌కు తాళం తీయండి. వెళ్ళొచ్చిన నిమిషాలకు జీతం కోయకండి. బడిలో ఆడపిల్ల చెయ్యెత్తితే టీచరమ్మా, "బెల్ కొట్టేదాకా ఆగు" అనకండి. పరీక్ష హాలులో డాక్టరు చీటీ ఉన్నవాళ్ళను వెళ్ళనివ్వండి. బస్సు డ్రైవరన్నా, కండక్టరన్నా, ఒక మనిషి లేచి వచ్చి మెల్లగా అడిగితే పెట్రోలు బంకు దగ్గర రెండు నిమిషాలు ఆపండి. ఆ అడగడానికి ఆమె పది కిలోమీటర్ల నుంచి ధైర్యం కూడగట్టుకుని ఉంటుంది. బస్టాండ్లలో డబ్బు తీసుకుంటున్న మరుగుదొడ్లలో నీళ్ళు, గడియ, దీపం ఉన్నాయో లేదో మునిసిపాలిటీ వాళ్ళు వారానికోసారి లోపలికి వెళ్ళి చూడాలి.

డాక్టర్లకు చేతులెత్తి ఒక్కటి అడుగుతున్నాం. రిపోర్టులో ఏమీ కనబడనప్పుడు "ఏమీ లేదు" అనకండి. "ఇన్‌ఫెక్షన్ లేదు, నొప్పికి కారణం వేరే ఉంది, వెతుకుదాం" అనండి. మా ఆడవాళ్ళు ఆ ఒక్క వాక్యం కోసం ఊళ్ళు తిరుగుతున్నారు.

ఆశా కార్యకర్తలూ, ఏఎన్‌ఎంలూ, డ్వాక్రా అక్కలూ! సెప్టెంబరు నెలను ప్రపంచంలో చాలాచోట్ల ఈ జబ్బు గురించి చెప్పుకునే నెలగా పాటిస్తున్నారు. ఈ సెప్టెంబరు సంఘం మీటింగులో పది నిమిషాలు దీనికివ్వండి. చేతులెత్తమని అడగకండి, ఎవరూ ఎత్తరు. కాగితాలు పంచి, మీటింగు అయ్యాక కాసేపు అక్కడే కూర్చోండి. అడగాల్సినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అడుగుతారు.

ఈ కాగితం వెనకవైపు ఖాళీగా వదిలాం. మూడు రోజుల లెక్క దాని మీదే రాసుకోండి. టైము, తాగింది, తిన్నది, వచ్చిన మూత్రం, పదికి నొప్పి ఎంత. రేపు పొద్దున లేవగానే మొదలుపెట్టండి. నాలుగో రోజున పాత రిపోర్టులతో కలిపి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మీకు ఈ బాధ లేకపోతే మడత పడకుండా ఇంకొకరి చేతికి ఇవ్వండి.